బేస్ గిటార్ పొట్టలో వైరింగ్ లెక్కలు

ఫెండర్ జాజ్ బేస్ ముఖాన ఉండే క్రోమ్ రేకును విప్పి చూస్తే లోపల పెద్ద రహస్యమేమీ కనిపించదు. నాబ్‌ల కింద ఉండే మూడు పాట్‌లు (పొటెన్షియోమీటర్లు), ఒక కెపాసిటర్, ఒక జాక్, వాటిని కలిపే మూరెడు వైరు. 1960ల తొలినాళ్ల నుంచి ఆ సామగ్రిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అయినా అది చేతికొచ్చిన కొన్నాళ్లకే చాలామంది సోల్డరింగ్ ఐరన్ వెతుక్కుంటారు. సిరీసా, పారలలా? రెండు వాల్యూములా, ఒక బ్లెండా? 250 కిలో ఓమ్‌లా, 500లా? బ్యాటరీ పెట్టాలా, వద్దా? ఈ ప్రశ్నలన్నీ ఒకే గొంతుతో వినిపిస్తాయి గానీ వాటి బరువు ఒకటి కాదు. కొన్ని మార్పులు గది అవతల నిలబడ్డవాడికి కూడా తెలుస్తాయి. కొన్ని మాత్రం విడిభాగాలు అమ్మేవాడి గల్లాపెట్టెకు తప్ప ఎవరికీ తెలియవు.

ఏది ఎందుకు వినిపిస్తుందో తెలియాలంటే ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం దాకా వెనక్కి వెళ్తే చాలు. పికప్‌లో ఉన్నది అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి వైరు వేల చుట్లు. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, కాయిల్‌లో వోల్టేజి పుడుతుంది. 1831లో ఫారడే చూపించిన ప్రేరణే ఇది. అన్ని చుట్లున్న కాయిల్‌కు ఇండక్టెన్స్ కూడా ఎక్కువే. ఆంప్‌కు వెళ్లే కేబుల్‌కు కెపాసిటెన్స్ ఉంటుంది, మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు. ఈ రెండూ కలిసి ఒక వడపోత అవుతాయి. ఒక పౌనఃపున్యం వరకు శబ్దాన్ని పోనిస్తాయి, దాని దగ్గర కాస్త ఎగదోస్తాయి, ఆపైన కోసేస్తాయి. అదే పికప్ అనునాద పౌనఃపున్యం. బేస్ గొంతు బిరుసుగా ఉందా, మెత్తగా ఉందా అన్నది చాలావరకు అక్కడే తేలుతుంది.

లెక్క వేసి చూస్తే సంగతి ఇంకా స్పష్టం. ఒక కాయిల్ 3 హెన్రీలు, కేబుల్‌తో కలిపి 600 పికోఫారడ్లు అనుకుంటే అనునాదం 3,750 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అలాంటి కాయిళ్లు రెండింటిని సిరీస్‌లో, అంటే ఒకదాని తోకకు ఇంకోదాని తల కలిపితే, ఇండక్టెన్స్ 6 హెన్రీలై అనునాదం 2,650కి దిగుతుంది. పారలల్‌లో, తలకు తల, తోకకు తోక కలిపితే ఇండక్టెన్స్ ఒకటిన్నర హెన్రీలకు తగ్గి అనునాదం 5,300కి ఎక్కుతుంది. కెపాసిటెన్స్‌లో ఎక్కువ భాగం కేబుల్‌దే కాబట్టి అది మూడు సందర్భాల్లోనూ అంతే ఉంటుందని ఇక్కడ అనుకున్నాం. సిరీస్‌కూ పారలల్‌కూ మధ్య ఒక పూర్తి స్థాయి, కింది షడ్జం నుంచి పై షడ్జం దాకా ఉండేంత దూరం, వచ్చేసింది. పైగా సిరీస్‌లో రెండు కాయిళ్ల వోల్టేజీలు కూడుకుంటాయి, పారలల్‌లో వాటి సగటు మాత్రమే బయటికొస్తుంది. అందుకే సిరీస్ దాదాపు 6 డెసిబెల్స్ బిగ్గరగా పలుకుతుంది. బ్యాటరీ లేకుండా ఒక్క స్విచ్‌తో ఇంత మార్పు తెచ్చేది బేస్ వైరింగ్‌లో మరొకటి లేదు.

దీనితో సమానంగా పట్టించుకోవలసింది రొద. కాయిల్‌కు తీగ కదలికకూ పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ క్షేత్రానికీ తేడా తెలియదు, రెండింటినీ పట్టుకుంటుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, అది బేస్ మీద రెండు స్వరాల మధ్య సందులో పడుతుంది. మన దేశంలో 50 హెర్ట్జ్. లావు ఇ తీగ మూడో మెట్టు మీద పలికే జి స్వరం 49 హెర్ట్జ్. అంటే హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా సింగిల్ కాయిల్ రొద వాయించే స్వరం పక్కనే, ఇంచుమించు శ్రుతి కలిపినట్టే కూర్చుంటుంది. దానికి తోడు 100, 150 హెర్ట్జ్ గుణిజాలు. గిటార్ వాయించేవాళ్లు కింది భాగాన్ని ఫిల్టర్‌తో కోసేసి బయటపడగలరు. బేస్ వాయించేవాళ్లు కోస్తే రొదతో పాటు స్వరమూ పోతుంది. వినాయక చవితి పందిట్లో సీరియల్ లైట్లు, డిమ్మర్లు, జనరేటర్ పక్కన నిలబడి వాయించేవాళ్లకూ, ట్యూబ్‌లైట్ల కింద చర్చి బృందంలో వాయించేవాళ్లకూ ఇది పుస్తకంలో సంగతి కాదు.

రొదకు మందు 1950ల నడుమే దొరికింది. 1951లో లియో ఫెండర్ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ నుంచి తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కు ఉన్నది ఒక్క సింగిల్ కాయిల్. 1955లో గిబ్సన్ ఇంజినీర్ సెత్ లవర్ హంబకర్‌కు పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. రెండు కాయిళ్లను ఎదురెదురుగా పనిచేసేలా కలిపి, అయస్కాంత ధ్రువాలను కూడా తిప్పేస్తే తీగ సంకేతాలు కూడుకుంటాయి, రొదలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 1957లో ఫెండర్ అదే సూత్రాన్ని తనదైన పద్ధతిలో ప్రెసిషన్‌కు పెట్టాడు. పికప్‌ను రెండు ముక్కలు చేసి ఒకటి రెండు లావు తీగల కింద, ఒకటి రెండు సన్న తీగల కింద అమర్చి, రెండింటినీ సిరీస్‌లో కలిపాడు. ఒక్కో తీగను వినేది ఒక్క కాయిలే. రొదను మాత్రం రెండూ వింటాయి, రెండూ కలిసే చంపుతాయి.

ప్రెసిషన్‌లో వైరింగ్ ఎంపికలు తక్కువగా ఉండటానికి కారణం ఈ నిర్మాణమే. హంబకర్‌కు పెట్టినట్టు దీనికి ఒక కాయిల్‌ను ఆపేసే కాయిల్ స్ప్లిట్ స్విచ్ పెడితే సగం బేస్ మూగబోతుంది: ఇ, ఎ తీగలు పలుకుతాయి, డి, జి పలకవు. రెండు ముక్కలనూ పారలల్ చేయవచ్చు. కానీ అప్పుడు పలికే కాయిల్ మీద పలకని కాయిల్ భారం పడి వోల్టేజి సగానికి పడిపోతుంది. ప్రెసిషన్‌ను చూడకుండానే గుర్తుపట్టించే ఆ నడుమ స్వరాల దిట్టతనం కూడా పలచబడుతుంది. మోటౌన్ రికార్డుల్లో జేమ్స్ జేమర్‌సన్ వాయించిన 1962 ప్రెసిషన్‌కు ఒక వాల్యూమ్, ఒక టోన్ తప్ప మరే నాబ్ లేదు. ఆ బేస్ గొంతులో పాతబడ్డ ఫ్లాట్‌వౌండ్ (నున్నగా చుట్టిన) తీగలకూ, ఆయన కుడిచేతి చూపుడు వేలికీ ఉన్న వాటా ముందు వైరింగ్ వాటా చాలా తక్కువ. ఒక్క పికప్ ప్రెసిషన్ ఉన్నవాళ్లు పాట్ కరకరలాడితే తప్ప లోపలికి తొంగిచూడనక్కర్లేదు.

అసలు రచ్చ అంతా జాజ్ బేస్ దగ్గర మొదలవుతుంది.

1960లో వచ్చిన జాజ్ బేస్‌కు రెండు సన్నటి సింగిల్ కాయిల్ పికప్‌లు. మొదట ఒక్కో పికప్‌కు వాల్యూమ్, టోన్ ఒకదాని మీద ఒకటి పేర్చిన జంట నాబ్‌లు ఉండేవి. 1962 నాటికి అవి పోయి వాల్యూమ్, వాల్యూమ్, టోన్ అనే మూడు నాబ్‌ల పద్ధతి వచ్చింది, అదే నిలిచింది. రెండు పికప్‌లూ పారలల్‌లో ఉంటాయి. ఇవాళ జతగా అమ్మే జాజ్ పికప్‌లలో ఒకదాని చుట్టు దిశ, ధ్రువం రెండూ రెండోదానికి వ్యతిరేకం. అందువల్ల రెండు వాల్యూములూ నిండుగా ఉంచితే రొద పోతుంది, ఒకదాన్ని కొంచెం దించితే మెల్లగా వచ్చేస్తుంది. ఇక్కడే జాజ్ బేస్ వాయించేవాళ్ల ఇరకాటం. రెండూ నిండుగా ఉన్నప్పుడు తీగ మీద రెండు చోట్ల నుంచి వచ్చే సంకేతాలు కొన్ని నడుమ స్వరాలను పరస్పరం కోసుకుంటాయి. ఆ లోతైన, అంచులు మెరిసే గొంతు స్లాప్ వాయించేవాళ్లకు ప్రాణం. దానికి పూర్తి వ్యతిరేకం బ్రిడ్జ్ పికప్ ఒక్కటే తెరిస్తే వచ్చేది. 1976 నాటి తొలి ఆల్బంలో జాకో పాస్టోరియస్ మెట్లు పీకేసిన 1962 జాజ్ బేస్ మీద పలికించిన, ముక్కుతో మాట్లాడుతున్నట్టుండే ఆ గొంతు అక్కడిదే. అది కావాలంటే రొదను భరించాలి, లేదా సైజు మారకుండా లోపల రెండు కాయిళ్లు పేర్చిన హమ్-క్యాన్సిలింగ్ పికప్ కొనాలి.

జాజ్ వైరింగ్‌లో ఇంకో చిన్న విశేషం ఉంది. గిబ్సన్ లెస్‌పాల్‌లో రెండు పికప్‌లూ కలిసి ఉన్నప్పుడు ఒక వాల్యూమ్‌ను సున్నా చేస్తే రెండూ మూగబోతాయి. జాజ్ బేస్‌లో అలా జరగదు. పికప్ వైరును పాట్ మధ్య కాలుకూ, జాక్‌కు వెళ్లే వైరును పక్క కాలుకూ సోల్డర్ చేయడమే దీని కిటుకు. గిటార్ డయాగ్రం చూసి బేస్‌కు వైరింగ్ చేసే మెకానిక్ ఈ రెండు కాళ్లను తారుమారు చేస్తే, కొత్త పాట్ పెట్టినా వాల్యూమ్ ‘పాడైనట్టే’ ఉంటుంది. ఫెండర్ పద్ధతికీ ఒక మూల్యం ఉంది: వాల్యూమ్ దించేకొద్దీ పికప్ మీద భారం పెరిగి పై స్వరాల పదును తగ్గుతుంది. జాజ్ బేస్ నాబ్‌ను తొమ్మిది దగ్గర పెడితే గొంతు మారిపోయిందనేవాళ్లది భ్రమ కాదు.

జాజ్ బేస్‌కు చేయదగ్గ మార్పు ఒక్కటే చెప్పమంటే సిరీస్ స్విచ్ అనాలి. ఫెండర్ 2000ల తొలినాళ్లలో తన అమెరికన్ సిరీస్ బేస్‌లకు ఎస్-1 అనే స్విచ్‌ను వాల్యూమ్ నాబ్ నెత్తిమీదే దాచిపెట్టింది. నొక్కితే రెండు పికప్‌లూ సిరీస్ అవుతాయి. సాధారణ పాట్ స్థానంలో, లాగితే స్విచ్‌లా పనిచేసే పుష్-పుల్ పాట్ పెట్టి ఇదే పని ఇంట్లో చేసుకోవచ్చు, చెక్కకు కొత్త చిల్లు అక్కర్లేదు. గొంతు నిండుగా, నడుమ స్వరాలు ముందుకు తోసుకొచ్చేలా మారుతుంది, రెండు గిటార్లూ ఒక కీబోర్డూ ఉన్న బృందంలో బేస్ మునిగిపోకుండా తేలుతుంది. రొద అణచే గుణం సిరీస్‌లోనూ పనిచేస్తుంది. కొందరు దీన్ని ప్రెసిషన్ గొంతు అంటారు. అది అతిశయోక్తే, ఎందుకంటే తీగ మీద ప్రెసిషన్ పికప్ ఉండే చోటు వేరు, ఇక్కడ రెండు చోట్ల నుంచి వింటున్నాం. దీనికి లోపాలూ ఉన్నాయి. సిరీస్‌లోకి వెళ్లగానే మామూలుగా ఒక వాల్యూమ్ మొత్తానికి పెత్తనం చేస్తుంది, రెండోది పనికిరాకుండా పోతుంది. ఇక పాట నడుమ నొక్కితే 6 డెసిబెల్స్ ఎగిరిపడతాయి. ముందే చెప్పకపోతే మిక్సర్ దగ్గర కూర్చున్న మనిషి తిట్టుకుంటాడు.

సిరీస్ వైరింగ్‌లో ఒక పికప్ గాల్లో తేలుతుంది, దాని రెండు కొసల్లో ఏదీ గ్రౌండ్‌కు తగలదు. ఆ పికప్ లోహపు కవరో, అడుగు రేకో కాయిల్ కొసకు అంటి ఉంటే అది యాంటెన్నాలా రొదను లాగుతుంది. ముందుగా ఆ రేకును విడదీసి వేరే వైరుతో గ్రౌండ్ చేయాలి. చాలా సిరీస్ మార్పులు ‘బాగాలేవు’ అనిపించుకునేది ఈ పది నిమిషాల పని ఎగ్గొట్టినందుకే.

ప్రెసిషన్ పికప్‌కు తోడు బ్రిడ్జ్ దగ్గర జాజ్ పికప్ పెట్టే పి.జె. పద్ధతి రెండింటి మంచినీ కలుపుతుందని పేరు. యమహా బి.బి. బేస్‌ల నుంచి స్క్వయర్ చవక మోడళ్ల దాకా ఎక్కడ చూసినా ఇదే. వైరింగ్ దృష్టిలో మాత్రం ఇది అసమాన దాంపత్యం. పి పికప్ కాయిళ్లు సిరీస్‌లో ఉండి మొత్తం 10, 11 కిలో ఓమ్‌లు చూపిస్తే జె పికప్ 7, 8 దగ్గర ఆగుతుంది. పైగా బ్రిడ్జ్ దగ్గర తీగ ఊగేదే తక్కువ. పి తన రొదను తానే అణుచుకుంటుంది, జె రొదకు జోడీ లేదు. కాబట్టి రెండూ తెరిచినా రొద పూర్తిగా పోదు. ఇక్కడ స్విచ్‌లు, బ్లెండ్‌లు మార్చి లాభం లేదు. జె స్థానంలో హమ్-క్యాన్సిలింగ్ రకం పెట్టి, దాన్ని తీగలకు కాస్త దగ్గరగా లేపి, పి పికప్‌ను కాస్త దించితే సగం ఫిర్యాదులు తీరిపోతాయి. ఎత్తు స్క్రూ తిప్పడానికి డబ్బు కూడా అక్కర్లేదు.

హంబకర్ ఉన్న బేస్‌లలో ఆట వేరుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఒక్కో కాయిలూ నాలుగు తీగలనూ వింటుంది. 1976లో మ్యూజిక్ మ్యాన్ కంపెనీ తెచ్చిన స్టింగ్‌రేలో లియో ఫెండర్ చేయి ఉంది, దానిలోని బ్యాటరీతో నడిచే ప్రీ-ఆంప్ టామ్ వాకర్ పని. దాని పెద్ద హంబకర్‌లో కాయిళ్లు పారలల్‌లో ఉంటాయి. షీక్ బృందంలో బెర్నార్డ్ ఎడ్వర్డ్స్, తర్వాత రెడ్ హాట్ చిలీ పెప్పర్స్‌లో ఫ్లీ చేతుల్లో వినిపించిన ఆ లోహపు పదునుకు ఈ పారలల్ కలయికా ఒక కారణమే. 1980ల చివర్లో వచ్చిన ఐదు తీగల స్టింగ్‌రేకు మూడు స్థానాల స్విచ్ పెట్టారు: సిరీస్, ఒంటి కాయిల్, పారలల్. ఒంటి కాయిల్ స్థానంలో రొద రాకుండా లోపల ఒక ఉత్తుత్తి కాయిల్ కూడా ఉంది. అయస్కాంతం లేని ఆ కాయిల్ తీగను వినదు, రొదను మాత్రమే విని ఎదురు తోస్తుంది. ఇదే ఉపాయాన్ని అంతకు ముందే, గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం చుట్టూ పుట్టిన అలెంబిక్ సంస్థ తన ఖరీదైన బేస్‌లలో రెండు పికప్‌ల నడుమ కనబడేలా పెట్టింది.

లియో ఫెండర్ చివరి కంపెనీ జి అండ్ ఎల్ నుంచి 1980లో వచ్చిన ఎల్-2000 బేస్ ఇన్ని కలయికలు కావాలన్న ఆశను అంచు దాకా తీసుకెళ్లింది. మూడు చిన్న టాగుల్ స్విచ్‌లు. ఒకటి ఏ పికప్ అన్నది, ఒకటి సిరీసా పారలలా అన్నది, ఒకటి ప్రీ-ఆంప్ ఆఫా, ఆనా, పై స్వరాలు పెంచి ఆనా అన్నది చెబుతాయి. 3, 2, 3 హెచ్చిస్తే 18 కలయికలు. ఇక్కడ సిరీస్ అంటే ఒక్కో హంబకర్ లోపలి రెండు కాయిళ్ల సంగతి, జాజ్ బేస్‌లోలా రెండు పికప్‌ల మధ్య సంగతి కాదు. ఎల్-2000 గొప్ప వాయిద్యమే. కానీ డ్రమ్స్ మొదలయ్యాక ఆ పద్దెనిమిదిలో వేరుగా నిలబడి వినిపించేవి నాలుగో ఐదో ఉంటాయి. మిగతావి గదిలో ఒంటరిగా వాయించుకునే వేళ మురిపించేవి. చీకటి వేదిక మీద వేలికి తగిలి మారిపోయే మూడు టాగుల్‌లు వరమా శాపమా అన్నది వాయించేవాళ్ల ఓపికను బట్టి ఉంటుంది.

గిబ్సన్ దారి వేరు. 1959 నాటి ఇబి-0 బేస్ మెడ దగ్గరున్న లావాటి హంబకర్‌కు వాడుకలో ‘బురద పికప్’ అన్న అర్థం వచ్చే పేరే స్థిరపడింది. సుమారు 30 కిలో ఓమ్‌ల వైండింగ్, అంతకు తగ్గ ఇండక్టెన్స్, పై స్వరాలు గల్లంతు. 1961 ఇబి-3లో రెండో పికప్, నాలుగు స్థానాల రోటరీ స్విచ్ చేర్చారు, క్రీమ్ బృందంలో జాక్ బ్రూస్ దాన్ని ఆంప్ అరిచేలా వాయించాడు. ఆ పెద్ద పికప్ కాయిళ్లను పారలల్ చేస్తే బురద తేటపడుతుంది. సిరీస్, పారలల్ లెక్క ఎంత బలమైనదో చూడాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. రికెన్‌బాకర్ 4001 ఇంకో చివర: బ్రిడ్జ్ పికప్‌కు వరసలో 0.0047 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి దాని కింది స్వరాలను కోసేశారు. ఆ బేస్ ఖణేల్‌మనడానికి అదొక కారణం. తర్వాతి 4003లో దాన్ని నాబ్ లాగితే వచ్చేలా, నొక్కితే పోయేలా చేశారు.

ఇక పాట్‌లు. జాజ్ బేస్‌లో మూడూ 250 కిలో ఓమ్‌లవి. అన్నీ నిండుగా తెరిచినప్పుడు పై స్వరాల దృష్టిలో మూడూ పారలల్‌గా కనబడతాయి, అంటే పికప్ మీద భారం 83 కిలో ఓమ్‌లు. ప్రెసిషన్‌లో రెండే పాట్‌లు, 125 కిలో ఓమ్‌లు. భారం ఎంత తక్కువ ఓమ్‌లైతే అనునాదం దగ్గరి ఎత్తు అంత నలుగుతుంది. మూడింటినీ 500 చేస్తే జాజ్‌లో భారం 167కు చేరి కొత్త రౌండ్‌వౌండ్ తీగల తళుకు స్పష్టంగా పెరుగుతుంది. నాలుగేళ్ల ఫ్లాట్‌వౌండ్ తీగల మీద ఏమీ తెలియదు. ఆ తళుకు వద్దనుకుంటే టోన్ నాబ్ కాస్త తిప్పితే పాత గొంతు వచ్చేస్తుంది కాబట్టి 500 పెట్టడం వల్ల నష్టం తక్కువ. కానీ లాభం కూడా ఆంప్, స్పీకర్ పై స్వరాలను పలికితేనే. పెద్ద వూఫర్ ఒక్కటే ఉన్న కాబినెట్‌లో ఈ చర్చంతా వృథా.

టోన్ కెపాసిటర్ గురించి చెప్పుకునే కథలు దాని ధర కన్నా పెద్దవి. విలువ ముఖ్యం. పై ఉదాహరణలోని 3 హెన్రీల కాయిల్‌తో టోన్ పూర్తిగా మూస్తే 0.022 మైక్రోఫారడ్‌కు అనునాదం 620 హెర్ట్జ్ దగ్గర, 0.047కు 420 దగ్గర, 0.1కు 290 దగ్గర పడుతుంది. మూసిన టోన్‌తో రెగ్గే వాయించేవాళ్లకు ఈ తేడా నిజం. టోన్ నిండుగా తెరిచి వాయించేవాళ్లకు ఏ విలువైనా ఒకటే. నూనెలో తడిపిన కాగితంతో చేసిన పాతకాలపు కెపాసిటర్‌కూ, అదే విలువ గల రెండు రూపాయల పాలిస్టర్ కెపాసిటర్‌కూ గొంతులో తేడా వెతకడం మాత్రం కాలక్షేపమే.

రెండు వాల్యూములకు బదులు ఒక మాస్టర్ వాల్యూమ్, ఒక బ్లెండ్ పెట్టుకోవడం వేదిక మీద సుఖం. పాట మధ్యలో మొత్తం శబ్దం తగ్గించాలంటే ఒక్క నాబ్ చాలు, పికప్‌ల పాళ్లు చెదరవు. దీనికి మామూలు జంట పాట్ పనికిరాదు, నడుమ నొక్కు ఉండి అక్కడ రెండు వైపులా పూర్తిగా తెరుచుకునే ఎం.ఎన్. రకం కావాలి. తప్పు రకం పెడితే మధ్యలో శబ్దం సగానికి పడిపోతుంది.

బ్యాటరీ ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతుంటాయి. ఇ.ఎం.జి. లాంటి యాక్టివ్ పికప్‌లలో చిన్న ప్రీ-ఆంప్ పికప్ లోపలే ఉంటుంది, 25 కిలో ఓమ్‌ల పాట్‌లు, 9 వోల్టుల బ్యాటరీ. కేబుల్ ఎంత పొడుగైనా పై స్వరాలు తగ్గవు, ఒక వాల్యూమ్ దించితే ఇంకోదాని గొంతు మారదు, రొద చాలా తక్కువ. అయితే వాటిని పికప్‌కు పికప్ సిరీస్ చేయడం కుదరదు. ఈ దారి ఎంచుకున్నవాళ్లు ఇంతసేపూ చెప్పుకున్న కలయికల్లో సగం వదులుకున్నట్టే. రెండో దారి మామూలు పికప్‌లు ఉంచి, వాటి తర్వాత ప్రీ-ఆంప్ పెట్టడం. మార్కస్ మిల్లర్ 1977 జాజ్ బేస్‌కు న్యూయార్క్‌లో రోజర్ సాడౌస్కీ ప్రీ-ఆంప్ అమర్చిన తర్వాత ఆ పద్ధతి స్టూడియోల్లో ఒక ప్రమాణంగా మారింది. కింది, పై స్వరాలను కోయడమే కాక పెంచగలగడం దీని బలం. బలహీనత కూడా అదే: నాబ్‌లు రెండూ పైకి తిప్పి ఇంట్లో మురిసిపోయిన గొంతు వేదిక మీద సబ్‌వూఫర్లను వణికించి మిక్స్‌ను ముంచేస్తుంది. ఏ ప్రీ-ఆంప్ పెట్టినా దాన్ని తప్పించి పాసివ్‌కు మార్చే స్విచ్ తప్పనిసరి, బ్యాటరీ ప్రాణం పోయేది పల్లవి మధ్యలోనే. ఇలాంటి బేస్‌లలో జాక్‌లో కేబుల్ దూర్చగానే కరెంటు మొదలవుతుంది కాబట్టి వాయించనప్పుడు కేబుల్ పీకేయాలి.

కొత్త పికప్ పెట్టాక రెండూ కలిపితే శబ్దం పలచబడి, కింది స్వరాలు మాయమైతే ఫేజ్ తిరగబడిందన్నమాట. ఒక పికప్ రెండు వైర్లను తారుమారు చేస్తే సరిపోతుంది. వేర్వేరు కంపెనీల పికప్‌లు కలిపేవాళ్లకు ఇది మొదటి రోజే ఎదురవుతుంది. కొందరు దీన్నే స్విచ్‌గా పెట్టుకుంటారు గానీ గిటార్‌లో వింతగా బాగుండే ఆ సన్నని గొంతు బేస్‌లో ఎవరికి పనికొస్తుందో ఊహించడం కష్టం.

షీల్డింగ్ గురించి అపోహ ఒకటి. లోపలి గూటికి రాగి రేకో, వాహక రంగో పూస్తే డిమ్మర్ల జుయ్‌మనే చప్పుడు తగ్గుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత రొద తగ్గదు. దానికి రెండో కాయిలే మందు. తీగలు ముట్టుకుంటే చప్పుడు తగ్గడం మామూలే, వాయించేవాళ్ల ఒంటిని బ్రిడ్జ్ కింద వైరు గ్రౌండ్‌కు కలుపుతుంది. ముట్టుకుంటే పెరిగితే జాక్ దగ్గర వైర్లు తారుమారయ్యాయని అనుమానించాలి. ఆ బ్రిడ్జ్ వైరు వల్లే వేదిక ఎర్తింగ్ సరిగా లేకపోతే ప్రాణం మీదికి రావచ్చు. 1972 మేలో స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ స్వాన్సీలో ప్రేక్షకుల ముందే మైకు ముట్టుకుని షాక్‌తో చనిపోయాడు. మూడో పిన్ను విరగ్గొట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డుల మీద ఆంప్‌లు నడిపే ఊళ్లలో ఏ పాట్ విలువ కన్నా ముందు చూసుకోవలసింది ఇదే. టెస్టర్ ఒకటి కేసులో పడేసుకోవడం కష్టమేమీ కాదు.

ఎంచుకునే క్రమం కూడా ఖర్చును బట్టి కాకుండా వినిపించే తేడాను బట్టి ఉంటే మేలు. రొద ఇబ్బంది పెడితే హమ్-క్యాన్సిలింగ్ పికప్, బృందంలో మునిగిపోతుంటే జాజ్‌కు సిరీస్ స్విచ్, నాబ్‌లు తికమకపెడితే బ్లెండ్, పొడుగు కేబుల్ మీద గొంతు మొద్దుబారితే ప్రీ-ఆంప్. పాట్ విలువలు ఆ తర్వాత. సినిమా రికార్డింగ్‌కు కన్సోల్‌లోకి నేరుగా ఇచ్చేవాళ్లకు ఈక్వలైజర్ అక్కడే ఉంటుంది. వాళ్లకు శుభ్రమైన, రొద లేని పాసివ్ సంకేతమే ఎక్కువ పనికొస్తుంది.

సోల్డర్ చేయకముందే తేల్చుకునే దారి కూడా ఉంది. పికప్ వైర్లను గూటి బయటికి తీసి, మొసలి క్లిప్పులతో సిరీస్, పారలల్, ఒంటి కాయిల్ ఒకదాని తర్వాత ఒకటి కలిపి, వాల్యూమ్, టోన్ లేకుండా నేరుగా జాక్‌కు ఇచ్చి వినాలి. పాట్‌ల భారం లేదు కాబట్టి అసలు బిగించాక ఉండేదానికన్నా గొంతు కాస్త బిరుసుగా వినిపిస్తుంది, ఆ మేరకు తగ్గించి అంచనా వేసుకోవాలి. ఈ పరీక్ష డ్రమ్స్ వాయించే మిత్రుడి గదిలో, ఎప్పుడూ వాడే ఆంప్ మీద, మామూలు శబ్ద స్థాయిలో జరగాలి. ఏ కలయికకు మారుస్తున్నారో చెప్పకుండా క్లిప్పులు మార్చి, డ్రమ్మర్‌కు ఏది తేడాగా వినిపించిందో అడగాలి. అతను పట్టుకోలేని తేడా కోసం పుష్-పుల్ పాట్ కొననక్కర్లేదు. పట్టుకున్నదానికి ఆ సాయంత్రమే సోల్డర్ పెట్టవచ్చు, విప్పిన పాత పాట్‌లను మాత్రం వైర్లతో సహా కవర్లో చుట్టి కేసులోనే ఉంచాలి. పాత ఫెండర్లు కొనేవాళ్లు ముందుగా చూసేది ఫ్యాక్టరీ సోల్డర్ చెదిరిందా లేదా అన్నదే.